తాళం వేసిన తలుపు కొట్టిన మనిషి

మీ వీధిలో తాళం వేసి ఉన్న గది ఖాళీగా ఉందని మీకెవరు చెప్పారు?

తాళమే చెప్పిందంటారు. కంటికి తాళం కనబడింది కాబట్టి లోపల మనిషి లేడు. రాతి మీద బొట్టు కనబడింది కాబట్టి లోపల దేవుడున్నాడు అనేవాడికీ మీకూ తేడా ఏమిటి? ఇద్దరూ చూసి ఊరుకున్నవాళ్ళే. ఇద్దరూ తట్టి చూడనివాళ్ళే. కనబడినదాన్ని పరీక్షించకుండా నమ్మవద్దని నా జీవితమంతా వేదికల మీద చెబుతూ వచ్చాను. చప్పట్లు కొట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ మాట ప్రకారం నడుచుకున్న మనిషిని మాత్రం మా ఊళ్ళో ఒక్కరినే చూశాను. ఆవిడ నా ఉపన్యాసాల కోసం వచ్చే మనిషి కాదు. ప్రతి ఆదివారం తెల్లచీర కట్టుకుని, బైబిలు చంకన పెట్టుకుని మందిరానికి వెళ్ళేది. మున్సిపల్ ఎన్నికల్లో మా వార్డులో నన్ను ఓడించింది. పోయిన నెల చనిపోయింది.

ఆవిడంటే నాకు అసూయ. ఉండేది అని రాయడం లేదు, ఇప్పటికీ ఉంది. పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలన్నది కూడా మనం పరీక్షించని నమ్మకాల్లో ఒకటి. నేను ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

మా ఊరు పటాన్‌చెరుకూ సంగారెడ్డికీ మధ్య, పెద్ద రోడ్డును ఆనుకుని ఉంటుంది. నేను కృష్ణా జిల్లా నుంచి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నాను. అప్పుడిది పంచాయతీ. జొన్నచేలు ఉన్నచోట తర్వాత షెడ్లు లేచాయి. షెడ్ల వెనక రేకుల గదులు రైలు పెట్టెల్లా వరసలు వరసలుగా లేచాయి. ఆ తర్వాత మున్సిపాలిటీ బోర్డు వచ్చింది. భూములమ్ముకున్న పాత ఊరివాళ్ళు, నాలాంటి రిటైరైన కర్మాగారం వాళ్ళు, వెలిమెల వైపు విల్లాలు కొనే స్తోమత లేక ఇక్కడ ఫ్లాట్లు కొనుక్కున్న సాఫ్ట్‌వేర్ పిల్లలు, ఒడిశా, బీహార్, శ్రీకాకుళాల నుంచి వచ్చి రేకుల గదుల్లో ఉండే కార్మికులు. ఇదీ మా జనాభా. కానీ "మన ఊరోళ్ళు" అని ఎవరైనా అన్నప్పుడు జాగ్రత్తగా వినండి. ఆ మాటలో రేకుల గదులు ఉండవు. తలల లెక్క తీస్తే మా వార్డులో సగానికి పైగా వాళ్ళే ఉంటారు.

ఇక్కడ గది కిరాయికి అడిగితే ఓనరు వేసే మొదటి ప్రశ్న "మీరు ఏందోళ్ళు?" అని. కులం అడగడానికి మర్యాద తొడుగు అది. ఆ ప్రశ్న మీద నేను కరపత్రం వేశాను, సభ పెట్టాను, ఆవేశంగా మాట్లాడి గొంతు పోగొట్టుకున్నాను. ఆవిడ ఏమీ వేయలేదు. గదుల్లోకి కొత్తవాళ్ళు దిగారని తెలిస్తే సాయంత్రం పోయి గుమ్మంలో నిలబడి, "మీకు ఎన్ని బిందెలున్నయ్?" అని అడిగేది. అంతే. ఏ ఊరు, ఏ కులం, ఏ భాష, ఏదీ కాదు. వాళ్ళు చెప్పగానే ట్యాంకర్ దగ్గరికి తీసుకుపోయి వాళ్ళ చోటు చూపించేది.

ట్యాంకర్ సంగతి చెప్పాలి. నల్లాలు రాకముందు మా ఊళ్ళో నీళ్ళ ట్యాంకర్ దగ్గర మనుషులు నిలబడేవాళ్ళు కాదు, బిందెలు నిలబడేవి. ముందే తెచ్చి వరసలో పెట్టి ఎవరి పనికి వాళ్ళు పోయేవాళ్ళు. పాత ఊరివాళ్ళ బిందెలు ముందు, మా కాలనీవి తర్వాత, రేకుల గదులవాళ్ళవి చివర. ఎవరూ రాయని చట్టం, ఎవరూ మీరని చట్టం. చివరి బిందెలకు నీళ్ళు రాకముందే ట్యాంకర్ వెళ్ళిపోతుండేది. ఆవిడ పాత ఊరి మనిషే. తరతరాల రైతు కుటుంబం. అయినా తన ఇత్తడి బిందెను మోసుకొచ్చి, గదులవాళ్ళ ప్లాస్టిక్ బిందెలన్నిటికీ వెనక పెట్టేది.

"నీకేమన్న పిచ్చా ఏందే, ముందటికి రారాదు!" అని వాళ్ళ వాడ ఆడవాళ్ళు కోప్పడితే, "నా బిందె బరువున్నది, ఈడిదాక తెచ్చేసరికే నడుం పోయింది. మీకంత ప్రేముంటే మోసుకపోన్రి ముందటికి" అనేది.

ఎవరూ మోయలేదు. ఫలితం ఏమిటంటే, సర్పంచికి వరసకు వదిన అయ్యే మనిషి బిందె నిండకుండా ట్యాంకర్‌ను కదిలించే ధైర్యం డ్రైవరుకు లేదు. ఆవిడ బిందె నిండాలంటే దాని ముందున్నవన్నీ నిండాలి. ఆవిడ ఎవరినీ ఏమీ అడగలేదు, ఎవరికీ నీతి చెప్పలేదు. బిందె ఒకటి తెచ్చి వెనక పెట్టింది, అంతే. సమానత్వం మీద నేను రాసిన వ్యాసాలు చదివి ఏ ఒక్క బిందె అయినా ఒక్క జానెడు జరిగిందా? జరగలేదు. నాకు అసూయ పుట్టదా మరి?

ఎత్తైన మనిషి. గొంతు ఇనుప రేకు మీద గులకరాళ్ళు పడ్డట్టు ఉండేది. తన జోకుకు తానే ముందు నవ్వేది, జోకు తర్వాత చెప్పేది. జనం ఆ నవ్వుకే నవ్వేవాళ్ళు. నేను ఎంతో ఆలోచించి విసిరిన చమత్కారానికి వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. నేను ఎదురైతే రోడ్డుకు అటువైపు నుంచే చెయ్యెత్తి "వందనాలు సారూ!" అని అరిచేది. అది మందిరంవాళ్ళ పలకరింపు. నేను తిరిగి వందనాలు అననని ఆవిడకు తెలుసు. "నమస్కారం" అని నేను గట్టిగా అనేవాణ్ణి. "సారు నమస్కారంల జెర కారం ఎక్కువుంటది" అని పక్కవాళ్ళకు చెప్పి నవ్వేది.

ఒకసారి బడి ఆవరణలో 'దేవుడు ఉన్నాడా?' అని బహిరంగ చర్చ పెట్టాను. ఒక పంతులుగారినీ, ఒక పాస్టరుగారినీ పిలిచాను. పాస్టరుగారు వస్తున్నారని ఆవిడ కూడా వచ్చి చివరి కుర్చీలో కూర్చుంది. ఒడిలో చిక్కుడుకాయలు పోసుకుని ఈనెలు తీస్తోంది. ఆ రోజు నేను బాగా మాట్లాడాను. అబద్ధం ఎందుకు, అద్భుతంగా మాట్లాడాను. పంతులుగారు కండువాతో మొహం తుడుచుకున్నారు, పాస్టరుగారు మంచినీళ్ళు అడిగారు. చివర్లో "ప్రశ్నలుంటే అడగండి" అన్నాను. ఆవిడ లేచి, చీర దులుపుకుని అడిగింది.

"సారూ, లేడు లేడని గంటసేపు ఆయన గురించే మాట్లాడితివి. మరి ఉన్నోళ్ళ గురించి ఎప్పుడు మాట్లాడ్తవు?"

బడి ఆవరణ మొత్తం నవ్వింది. పంతులుగారు కూడా నవ్వారు. పాస్టరుగారు మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నవ్వారు. నేను సమాధానం చెప్పాను, సుదీర్ఘంగానే చెప్పాను, తర్కబద్ధంగానే చెప్పాను. కానీ అప్పటికే జనం కుర్చీలు మడుస్తున్నారు. ఆ చర్చలో నేను గెలిచానని నా వాదన. ఊళ్ళో అందరికీ గుర్తున్నది మాత్రం నా వాదన కాదు.

మున్సిపాలిటీకి మొదటిసారి ఎన్నికలు వచ్చినప్పుడు నేను స్వతంత్రంగా నిలబడ్డాను. ఆవిడా నిలబడింది. నా కరపత్రంలో డ్రైనేజీ నుంచి గ్రంథాలయం దాకా అన్నీ ఉన్నాయి, మూఢనమ్మకాల మీద ఒక పేరా కూడా ఉంది. ప్రచారానికి పోతూ ఆవిడ ఇంటి ముందు నుంచి వెళ్తే, అరుగు మీద కూర్చుని నా కరపత్రాన్ని పొట్లంగా చుట్టుకుని పల్లీలు తింటోంది. "మంచి కాయితం వేసినవ్ సారూ, నూనె పట్టలేదు" అని నాకు కూడా గుప్పెడు పెట్టింది. తిన్నాను. బాగానే ఉన్నాయి. ఫలితాలు ఎలా వచ్చాయో ముందే చెప్పాను కదా.

ఇక తాళం సంగతి.

ఆవిడ కౌన్సిలర్ అయ్యాక, గదులన్నిటికీ నల్లా కనెక్షన్లు ఇవ్వడానికి మున్సిపాలిటీ సర్వే పెట్టింది. మనుషులున్న గదుల వరసకే పైపు వేస్తారు. ఖాళీగా ఉన్న వరసకు వేయరు. రేకుల గదుల ఓనరుకు ఖాళీ అని రాయిస్తేనే లాభం, ఎందుకంటే ఇంటిపన్ను తగ్గుతుంది. మా కాలనీలో కొందరికీ అది ఇష్టమే, పైపు అంత దూరం పోకపోతే మన నల్లాల్లో ధార బాగుంటుందని. సర్వే రోజు నేనూ వెంట వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే, ఓడిపోయిన అభ్యర్థిని కదా, ఆవిడ ఎక్కడ పొరపాటు చేస్తుందో చూడాలని.

పొద్దెక్కిన వేళ. గదుల వరసకు ఈ చివర నుంచి ఆ చివర దాకా తలుపులన్నిటికీ తాళాలు. మున్సిపాలిటీ కుర్రోడు చేతిలో ట్యాబ్ పట్టుకుని ఒక్కో తలుపు ముందు ఆగి, 'లాక్', 'లాక్' అని నొక్కుకుంటూ పోతున్నాడు.

"చెప్తి కద సార్, ఎవల్లేరు. పండక్కి ఊర్లకు పోయిన్రు, మళ్ళ రాలే. మొత్తం ఖాళీ" అన్నాడు ఓనరు.

నేను ఓనరును పన్ను ఎగవేత విషయంలో నిలదీస్తున్నాను. నా వాదన గట్టిగానే ఉంది, ఓనరుకు చెమటలు పడుతున్నాయి. ఇంతలో ఆవిడ ఒక తలుపుకు చెవి ఆనించింది.

"ఆగు బిడ్డా. లోపట ఫ్యాను తిరుగుతున్నది."

"బంద్ చేసుడు మర్చిపోయి పోయుంటరు మేడం" అన్నాడు కుర్రోడు.

"కరెంటు బిల్లు ఓనరు కడితే మర్చిపోతరు. ఈళ్ళకు ఈయన మీటరు పెట్టి ముక్కు పిండి వసూలు జేస్తడు. ఎట్ల మర్చిపోతరు?"

అని, అరచేత్తో తలుపు మీద చరిచింది. బర్రె వీపు మీద చరిచినట్టు, చనువుగా, గట్టిగా. రేకులన్నీ అదిరాయి. పడుకోనివ్వమంటూ లోపలి నుంచి నిద్ర గొంతు వచ్చింది.

"కౌన్ హై రే? సోనే దో యార్!"

"నేనే తమ్మీ, కౌన్సిలర్‌ను. లోపట ఎంతమందున్నరు?"

ఈసారి కొంచెం మర్యాదగా: "దో ఆద్మీ, దీదీ. చాబీ పార్ట్‌నర్ లేకే గయా."

విషయం ఇదీ. గదిలో నలుగురుంటారు. ఇద్దరిది పగటి షిఫ్టు, ఇద్దరిది రాత్రి షిఫ్టు. రాత్రి పనిచేసి వచ్చినవాడు పొద్దున పడుకుంటాడు. తలుపు తీసి పడుకుంటే ఫోన్లు పోతాయి, లోపల గడియ పెట్టుకుంటే ఎవరు వచ్చినా లేచి తీయాలి. అందుకని పగటి షిఫ్టువాడు పోతూ పోతూ బయట తాళం వేసి తాళంచెవి పట్టుకుపోతాడు. లోపలివాడు హాయిగా నిద్రపోతాడు. రేకుల గదుల్లో ఇది అందరూ చేసే పనే. ఆ గదులకు అవతల ఉన్న మా ఎవరికీ తెలియని పని. మనుషులతో నిండి ఉన్న వరసను చూసి, తాళాలు చూసి, ఖాళీ అని రాసుకుంటూ పోతోంది మా స్థానిక ప్రభుత్వం.

ఆవిడ ఆ వరస మొత్తం కొట్టింది. ఒక్క తలుపూ వదలలేదు. లోపల నుంచి ఒడియాలో, హిందీలో, శ్రీకాకుళం యాసలో తిట్లు మొదలయ్యాయి. ఆవిడకు పట్టరాని నవ్వు. "తిట్టున్రి, తిట్టున్రి! తిట్టినోళ్ళందర్ని రాసుకో బిడ్డా, ఊపిరున్నోడే తిడ్తడు" అని కుర్రోడి వీపు మీద కూడా ఒకటి చరిచింది. వాడు వెనక్కి వెళ్ళి, 'లాక్' అని నొక్కినవన్నీ మళ్ళీ దిద్దుకుంటూ వచ్చాడు. ఓనరు నా వాదనకు పట్టిన చెమటను ఎప్పుడో తుడిచేసుకున్నాడు. ఇప్పుడు పట్టింది అసలు చెమట.

తిరిగి వస్తుంటే ఉండబట్టలేక అడిగాను. "మీకెలా అనుమానం వచ్చిందమ్మా?"

"మా ఆయన కంపెనీల నైట్ డ్యూటీ జేసినన్ని రోజులు నేను గట్లనే తాళమేస్కొని పొలం పోతుంటి. గందుకే చెవి పెట్టిన." అని, నా మొహం చూసి, ఎప్పట్లాగే ముందు నవ్వి తర్వాత అంది: "గింత దానికి ప్రార్థన గూడ చెయ్యలే సారూ, నువ్వు ఫికర్ జెయ్యకు."

అనుమానించడం, చెవి పెట్టి వినడం, తట్టి చూడటం, రుజువైనదాన్నే రాయించడం. హేతువాదం అంటే ఇదే కదా? ఇంతకంటే ఏముంది? నేను బల్లలు గుద్ది చెప్పినదాన్ని ప్రార్థనలు చేసే మనిషి తలుపు గుద్ది చేసి చూపించింది. ఆ రోజు నుంచి నా అసూయ ముదిరింది. ఆమె నమ్మకాలు తప్పని నేను ఇప్పటికీ అంటాను. ఆ మాట ఆవిడ బతికుండగా మొహాన కూడా అన్నాను. "అనుకో సారూ, నల్లా మాత్రం ఇప్పు, బిందె పెట్టిన" అంది.

ఆ వరసకు నల్లా వచ్చింది. ఇప్పటికీ వస్తోంది.

పోయిన నెల ఆవిడ శవయాత్రలో ఫ్యాక్టరీ యూనిఫాంలు వేసుకున్నవాళ్ళు రోడ్డు పట్టకుండా నడిచారు. షిఫ్టు పోగొట్టుకుని వచ్చారు. నేను పోతే మా హేతువాద సంఘంవాళ్ళు వస్తారు, తీర్మానం చదువుతారు, ఇళ్ళకు వెళ్తారు. అంతే. ఈ ఆలోచన ఆ రోజు శవం వెనక నడుస్తుంటేనే వచ్చింది, దాచను.

తర్వాతి ఆదివారం సంతాప సభ పెట్టారు. షామియానా కింద పెద్ద ఫ్లెక్సీ. అందులో ఆవిడ తల వెనక బంగారు రంగు వలయం వేయించారు. 'నీళ్ళ తల్లి' అని రాయించారు. గదుల వరసలోని నల్లాకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, దండ వేశారు. మందిరంవాళ్ళు దాని కింద కొవ్వొత్తి వెలిగించారు. నల్లా తిప్పడానికి చెయ్యి పెట్టే చోటు లేదు. చూస్తే ఒళ్ళు మండింది. ఆవిడ చేసిన పని ఎవరైనా చేయగలిగినది. చెవి ఉంటే చాలు, అరచెయ్యి ఉంటే చాలు. దాన్ని దేవత చేసిన మహిమ అన్నారంటే అర్థమేమిటి? మనం మనుషులం కాబట్టి మనం చేయనక్కర్లేదని. మహిమ చేయడం దైవానికి, దండ వేయడం మనకు. ఎంత సుఖమైన పంపకం!

అందరికంటే ఎక్కువసేపు మాట్లాడింది ఆ రేకుల గదుల ఓనరే. కళ్ళు తుడుచుకుంటూ మాట్లాడాడు. ఈ మధ్య అతను పాత వరసల వెనక కొత్త వరసలు కట్టాడు. వాటికి నల్లా లేదు.

షామియానా బయట ఒకతను నిలబడి ఉన్నాడు. ఒడిశా మనిషి, ఫోర్జింగ్ కంపెనీలో పని. ఆ రోజు మొదటి తలుపు వెనక నుంచి "సోనే దో యార్" అన్నది ఇతనే. తర్వాత పెళ్ళయింది, వేరే గది కావాల్సి వచ్చి కొత్త వరసలోకి మారాడు. భార్య ప్యాకింగ్ పనికి పోతుంది. ఇప్పుడు కడుపుతో ఉంది. డ్యూటీ దిగి వచ్చి, లారీలు తిరిగే రోడ్డు దాటి, ట్యాంకర్ దగ్గర నుంచి బిందెలు మోస్తోంది. అతను నన్ను పక్కకు పిలిచాడు.

"సార్, సోమవారం మల్ల సర్వే ఉన్నదంట. నాది నైట్ డ్యూటీ. బీవీ తాళం ఏస్కొని పోతది. నా ఒక్కనిదంటే నేను లేచి కూసుంట. లైన్ మొత్తం అట్లనే ఉంటది కద. దీదీ తో నహీ హై. అబ్ కౌన్ ఆయేగా సార్?"

దీదీ లేదు కదా, ఇప్పుడు ఎవరొస్తారని అడిగాడు. మీరొస్తారా అని అడగలేదు. ఆ తేడా నాకు గుచ్చుకుంది. పోయాక కూడా ఆవిడే గెలిచింది.

"నేను వస్తాను" అన్నాను.

అతను నన్ను ఎగాదిగా చూశాడు. ఎగతాళి చేయాలని కాదు, ఉపన్యాసాలిచ్చే మనిషి ఎందుకొస్తాడో నిజంగానే అర్థం కాక అడిగాడు. "ఆప్? ఆప్ తో భాషణ్ దేతే హై నా సార్?"

సోమవారం నేను వెళ్తున్నాను. ఆవిడ కొట్టినదానికంటే ఒక్క తలుపైనా ఎక్కువ కొట్టాలని నా పంతం. భక్తితో కాదు, అసూయతోనే వెళ్తున్నాను. మీకు ఏ కారణం కావాలో అది తెచ్చుకోండి, నాకు అభ్యంతరం లేదు. కానీ కొత్త వరసలు చాలా పొడుగు, సర్వే కుర్రాళ్ళది వేగం, ఓనరు వాళ్ళకు టీ తెప్పించి తొందరపెడుతుంటాడు. నా ఒక్కడి చెయ్యి చాలదు.

అందుకని ఆ ఫ్లెక్సీ ముందు నిలబడి ఫోటో దిగినవాళ్ళందరినీ పిలుస్తున్నాను. మా ఊరు కాకపోతే మీ ఊళ్ళో, ఇస్నాపూర్‌లోనో, కొల్లూరు పక్కనో, మీ సొంత వీధి చివరో, సర్వేవాళ్ళు వచ్చే రోజు తెలుసుకోండి. ఆ పొద్దున పని మానుకుని వాళ్ళ వెంట నడవండి. తాళం కనబడిన ప్రతి తలుపుకూ చెవి పెట్టండి. అరచేత్తో కొట్టండి. లోపలి మనిషి లేచి మిమ్మల్ని తిట్టేదాకా కొట్టండి. తిట్టాక, అతని పేరు మీ కళ్ళ ముందు రాయించి, అప్పుడు పక్క తలుపుకు పదండి.